ఊరి జబ్బులు తొక్కినవాడు

దక్షిణ చైనాలోని మా కైపింగ్ పాతబజారులో ఉన్న రోగాలన్నింటినీ ఒకే ఒక్క మనిషి అరికాళ్ళతో తొక్కి చంపాడు. ఆయన పేరు తామ్ కొక్-షింగ్. హుయ్ అవ్వ దగ్గు, నూడుల్స్ కొట్టాయన ముక్కులోంచి కారే నెత్తురు, బాలింతల నీరసం, తాగుబోతుల కడుపుబ్బరం, అన్నీ ఆయన గుడ్డబూట్ల అడుగున అంటుకుని ఊరు దాటిపోయాయి. ఒక వానాకాలం ఆయన బూటు అడుగున ఇరుక్కున్న మందుగింజ మొలకెత్తి రెండాకులు కూడా వేసిందని చెప్పుకుంటారు. చెప్పుకునేవాళ్ళలో మొదటివాణ్ణి నేనే కాబట్టి సాక్ష్యం కోసం ఇంకెక్కడికీ వెళ్ళక్కర్లేదు.

పెద్ద ఆస్పత్రుల్లో గోడలకి వేలాడే వైద్యుల పటాలు చూశాను. వాళ్ళు రోగానికి మందు ఇచ్చి ఊరుకుంటారు. మా తామ్ బాబాయ్ మందు ఇంటికి మోసుకొచ్చి, రోగాన్ని బయటికి మోసుకుపోయేవాడు. ఇంతటివాడికి ఊళ్ళో ఒక విగ్రహమైనా ఎందుకు పెట్టలేదని అడగొచ్చు. పెడితే ఆ విగ్రహాన్ని కూడా కావడికి కట్టుకుని ఎవరింటికో చేరవేస్తాడని భయం.

సంగతి ఏమిటంటే, మా వైపు కషాయం కాచాక మిగిలిన పిప్పిని చెత్తలో పారేయరు. నాలుగు దార్లు కలిసే చోట నేలమీద పోస్తారు. నలుగురి కాళ్ళ కింద పడి నలిగితే ఇంట్లో రోగం వాళ్ళ వెంట నడిచిపోతుందని నమ్మకం. నడిచి ఎవరింటికి పోతుందన్నది పోసినవాళ్ళు పెట్టుకోవాల్సిన బెంగ కాదు. అందుకని పొద్దున్నే అందరూ పోస్తారు, పోశాక అందరూ గోడవార నడుస్తారు. మా కూడలి నడిమధ్య మందువాసన కొడుతూ, తడితడిగా, ఎవరూ తొక్కని గుట్ట ఒకటి ఎప్పుడూ ఉండేది. పరాయి ఊరి కూరగాయల బండి ఏదైనా వచ్చిందంటే అవ్వలంతా గుమ్మాల్లోకి వచ్చి ఆశగా చూసేవాళ్ళు.

నా సైకిలు రిపేరు దుకాణం ఆ కూడలిలోనే. బడి నన్ను భరించలేక ఎనిమిదో తరగతిలో వదిలేశాక నేను చదివిన చదువంతా ఆ గుట్టమీదే. పిప్పి చదవడం పేపరు చదవడం కంటే తేలిక, అబద్ధాలు కూడా తక్కువ. కమలాతొక్క కనిపించిందంటే ఆ ఇంట్లో ఎవరికో ఛాతీలో కఫం గూడు కట్టింది. ఎర్ర రేగుపళ్ళూ తాంగ్-క్వై వేరూ కలిసి కనిపిస్తే ఎవరికో నెత్తురు తక్కువై మొహం పాలిపోయింది. తామరకాడ కణుపులు బొగ్గులా మాడ్చి వేశారంటే నెత్తురు వేడెక్కి పొంగుతోంది, అంటే నూడుల్స్ కొట్టాయన మళ్ళీ పెళ్ళాంతో పోట్లాడాడు. పలకలుగా ఉండే కాడలకి ముదురాకులు గుత్తులుగా అంటుకుని కనిపిస్తే అది తల్లాకు. కాన్పయిన ఆడమనిషికి లోపల నెత్తురు నిలిచిపోకుండా కాచి తాగించే ఆకు. తల్లాకు కనిపించిన సాయంత్రానికే ఆ ఇంటికి కోడిగుడ్లు బయల్దేరేవి. పేరు చెప్పుకోవడం, కబురు పెట్టడం అనే పనే లేదు.

ఇక తామ్ బాబాయ్. నది ఒడ్డున క్వాన్ అమ్మగారి మూలికల కొట్టు ఉంది. ఇంట్లో కషాయం కాచుకోలేని వాళ్ళకి అక్కడే కాచి, ఫ్లాస్కుల్లో పోసి, ఎవరి పిప్పి వాళ్ళకి కాగితంలో పొట్లం కట్టి పంపేవాళ్ళు. మందు నిజంగానే వేశారని చూసుకోవడానికి ఒకటి, కూడలిలో పోసుకోవడానికి రెండు. ఆ ఫ్లాస్కులూ పొట్లాలూ కావడికి రెండు వైపులా కట్టుకుని, పాతబజారు ఆ చివరిదాకా ఇళ్ళిళ్ళూ తిరిగేవాడు బాబాయ్. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆయనకి అదే పని, అదే కావడి. పెళ్ళి లేదు. కొట్టు వెనక గదిలో ఒక మంచం, ఒక పొయ్యి, రెండు కుర్చీలు. ఆ రెండో కుర్చీ ఎవరికోసమో ఎవరికీ తెలియదు.

మనిషి మాట్లాడడు. ఊళ్ళో ఎవరి ఒంట్లో ఏముందో అంతా తెలిసి కూడా నోరు విప్పని మనిషిని ఆయన్ని తప్ప ఇంకొకణ్ణి చూడలేదు. నాకు అందులో సగం తెలిసినా పొట్ట ఉబ్బిపోయేది. ఆయన నోట వచ్చే మాట ఒకటే. రోగి ముందు గిన్నెలో కషాయం పోసి, "తాగు" అనేవాడు. తాగేదాకా కదిలేవాడు కాదు. నల్లగా, చేదుగా, బురదలా ఉండే దాన్ని చూసి ముసలివాళ్ళు మొహం తిప్పుకునేవాళ్ళు, పిల్లలు మంచం కిందికి దూరేవాళ్ళు. ఆయన నిలబడే ఉండేవాడు. చివరికి సిగ్గేసి తాగేవాళ్ళు.

ఆయన మీద ఊరికి ఉన్న ఫిర్యాదు కూడా ఒకటే. మందు ఎప్పుడూ గోరువెచ్చగా వచ్చేది. ఫ్లాస్కులో పోసింది అంతలా ఎలా చల్లారుతుందో ఎవరికీ అంతు చిక్కేది కాదు. ఇంకోటి, ఆయన వెనక ఎప్పుడూ రెండు మూడు పిల్లులు నడిచేవి. మూలికల వాసనకి పిల్లులు వస్తాయని నేను అందరికీ వివరించేవాణ్ణి.

ఆయన కళ్ళు ఎప్పుడూ ఎదరకే. కావడి ఊగితే ఫ్లాస్కులు కొట్టుకుంటాయి కదా, కిందికి చూసి పక్కకి తప్పుకునే వీలు ఉండదు. అంచేత గుట్టని తొక్కుకుంటూ తిన్నగా పోతాడని ఊరంతా ఒప్పుకున్న సంగతి. నువ్వు కళ్ళారా చూశావా అని అడిగేవాళ్ళు ఉంటారు. సైకిలు కింద తల పెట్టినవాడికి కళ్ళెక్కడివండీ. చెవులతో చూశాను. మెత్తటి పిప్పిమీద గుడ్డబూటు పడితే వచ్చే చప్పుడు వేరు.

ఆ ఏడు వసంతం తడిగా వచ్చింది. దక్షిణపు గాలి తిరిగి, గోడలు చెమటలు పట్టి, బట్టలు ఆరక, అద్దంలో మొహం కనిపించని రోజులు. అలాంటి రోజుల్లో మా ఊళ్ళో ఎవరికి ఏం వచ్చినా "తేమ" అంటారు. తలనొప్పి తేమ, బద్ధకం తేమ, అల్లుడు పని మానేసి పడుకోవడం కూడా తేమ. ఆ తేమలో తామ్ బాబాయ్ కాళ్ళు వాచాయి.

ముందు బూట్లు పట్టలేదు. తర్వాత మడమ కనిపించలేదు. తర్వాత మోకాళ్ళ కింద అంతా రెండు బూడిదగుమ్మడికాయలు. క్వాన్ అమ్మగారు వ్యాపారస్తురాలే గాని రాయి కాదు. ఆయన్ని కూర్చోబెట్టి, తన మేనల్లుడు ఆ-లిక్‌ని పిలిపించింది. ఆ-లిక్‌కి ఎర్ర స్కూటరు ఉంది. అప్పటికి పాతబజారులో స్కూటరున్నవాణ్ణి చూస్తే పిల్లనిచ్చేవాళ్ళు వరసలో నిలబడేవాళ్ళు.

"తామ్ అన్నయ్యా, పడవల పండగదాకా చూస్తాను," అంది ఆవిడ. "ఆ పొద్దున నువ్వొచ్చి కావడి ఎత్తుకుంటే దారి నీది. లేదంటే స్కూటరుకే ఇచ్చేస్తాను. మందు వేడివేడిగా చేరుతుంది, ఆమాట కూడా చెప్పుకోవాలి."

ఆయన గదిలోకి పోయి కావడిబద్దని నూనెగుడ్డతో తుడిచాడట. తుడిచిందే తుడుస్తూ కూర్చున్నాడని ఆ-లిక్ నవ్వుతూ వచ్చి చెప్తే నాకు మాత్రం నవ్వు రాలేదు. నాకు నవ్వు రాకపోవడం ఊళ్ళో వింతే. ముప్ఫై ఏళ్ళు ఇంటింటికీ పోయి "తాగు" అన్న మనిషి, ఇక ఆ గదిలో ఆ రెండో కుర్చీ వంక చూస్తూ కూర్చోవాలి. దారి పోతే ఆయనకి పోయేది దారొక్కటే కాదు.

క్వాన్ కొట్టులోనే కూర్చునే వైద్యుడు సేతో ఆయన్ని చూశాడు. సేతోకి ఎనభై దగ్గర పడుతుంది, కళ్ళద్దాలు ముక్కు చివరికి జారి అక్కడే కాపురం పెట్టాయి. బాబాయ్ ముంజేతి మీద మూడు వేళ్ళు వేసి నాడి చూశాడు. బొటనవేలితో పిక్క మీద నొక్కితే పడిన గుంట నేను సిగరెట్టు ముట్టించి రెండు దమ్ములు లాగేదాకా అలాగే ఉంది. నాలుక బయటపెట్టమన్నాడు. నాలుక ఉబ్బి, అంచుల వెంట పళ్ళ అచ్చులు పడి, మీద తెల్లటి జిగురు.

సేతో చెప్పేది ఏమిటంటే, తిన్నదాన్నీ తాగినదాన్నీ పైకి కిందికి పంచిపెట్టేది ప్లీహం. అది వంటమనిషి లాంటిది. అది అలిసిపోయిందంటే నీళ్ళు ఎక్కడి పాత్రలో అక్కడే ఉండిపోతాయి. నీళ్ళకి బుద్ధి తక్కువ, పల్లం కనిపిస్తే దిగుతాయి. పైన నిలిస్తే కఫం, కింద నిలిస్తే వాపు. ముందు వంటమనిషికి బలం ఇవ్వాలి, తర్వాత తూము తెరవాలి. అందుకు పైన్ చెట్టు వేళ్ళ కింద పెరిగే తెల్లటి పుట్టగొడుగు గడ్డ, బూడిదగుమ్మడి తొక్క, మొక్కజొన్న పీచు వేసి కాయించాడు. ఉప్పుచేప ముట్టుకోవద్దన్నాడు.

"నేను తినను," అన్నాడు బాబాయ్.

"నీ బట్టలు వాసనేస్తున్నాయి," అన్నాడు సేతో.

బాబాయ్ ఇంకేదో చెప్పడానికి నోరు తెరిచాడు. సేతో అద్దాలు పైకి తోసుకుని, "ఆ, అలాగే ఉంచు, నాలుక ఇంకోసారి చూస్తాను," అన్నాడు. ఆ వైద్యుడి ముందు నోరు తెరిచి మాట పూర్తి చేసినవాడు పాతబజారులో లేడు.

వాపు దిగింది. ఊరంతా ఊపిరి పీల్చుకుంది. పండగకి చాలా ముందే మళ్ళీ ఎక్కింది.

ఈలోగా ఆ-లిక్ స్కూటరు మీద మందులు పంచుతున్నాడు. మందు నాలుక కాలేంత వేడిగా వచ్చేది. హారను కొట్టి, గుమ్మం ముందు ఫ్లాస్కు పెట్టి, దుమ్ము లేపుకుంటూ పోయేవాడు. నిలబడి "తాగు" అనేవాడు లేడు. మా వాళ్ళు ఎంత మర్యాదస్తులంటే, ఎదురుగా ఎవరూ లేకపోతే ఏ మందూ తాగరు. హుయ్ అవ్వ తన కమలాతొక్క కషాయం బంతిమొక్కకి పోసింది. నూడుల్స్ కొట్టాయన వరండాలో చిన్న నారింజ చెట్టుకి పోశాడు. నెలలోపల పాతబజారులో మనుషులంతా దగ్గుతున్నారు, మొక్కలు మాత్రం పోటీకి పంపేలా ఉన్నాయి. ఆ నారింజ చెట్టుకి జీవితంలో ముక్కులోంచి నెత్తురు రాదని నేను పందెం కాశాను.

సేతో రెండోసారి బాబాయ్‌ని పిలిపించి, ఈసారి నాలుకని పైకి మడవమన్నాడు. నాలుక కింద రెండు నరాలు నల్లగా, లావుగా, వానపాముల్లా ఉన్నాయి. పంట్లాం మోకాళ్ళ పైదాకా లాగించాడు. ఎడమ పిక్క మీద పాత దెబ్బ, చర్మం ముదురు వంకాయ రంగులో ఉంది.

"ఇదెప్పటిది?"

"మూడేళ్ళయింది. జారిపడ్డాను."

"ఎక్కడ?"

"తడిగా ఉన్నచోట."

గోడలు సైతం కారుతున్న ఆ రోజుల్లో తడిగా ఉన్నచోటంటే ఎక్కడైనా కావచ్చు, ఇంకెవరూ అడగలేదు. సేతో మాత్రం తొడ చరుచుకున్నాడు. తను నీటిని పట్టుకున్నాడు గాని దొంగ నెత్తురు. నెత్తురూ నీరూ ఒకే కడుపున పుట్టిన అన్నదమ్ములు, తిన్న తిండిలోంచే ఇద్దరూ తయారవుతారు. అందుకే నెత్తురు పోయినవాడికి చెమట పట్టించకూడదు, ఒకే బావిని రెండు వైపులనుంచీ తోడినట్టవుతుంది. వీళ్ళలో అన్న దారిలో అడ్డంగా కూర్చుంటే తమ్ముడు గట్టు తెంచుకుని పక్క పొలంలో పడతాడు. దెబ్బ తగిలినచోట నెత్తురు ఆగిపోయింది. ఆగిన నెత్తురు చుట్టూ నీరు చేరింది. నీటిని ఎంత తోడినా మళ్ళీ ఊరేది అందుకే. ఇప్పుడు నెత్తుర్ని నడిపించాలి. కుసుమపువ్వు, పీచ్ గింజలు, అన్నింటికంటే ముఖ్యంగా నెత్తుర్నీ నడిపి నీటినీ దించే ఆకు ఒకటి, దండిగా వేయాలి.

ఆ ఆకు ఏదో మీకు తెలిసే ఉంటుంది. తల్లాకు.

బాబాయ్ చిక్కులో పడ్డాడు. పిప్పిని గదిలో దాచుకుంటే రోగం గదిలోనే ఉంటుంది. కూడలిలో పోస్తే ఊరు చదువుతుంది. పాపం, మధ్యాహ్నం అన్నం తిని ఊరంతా కునుకు తీసే వేళ చూసుకుని, కర్రపట్టుకుని వచ్చి, మిగతా పిప్పి మధ్యలో కలిపేసి పోయాడు. కానీ నేను పగలు నిద్రపోను. ఆయన వెళ్ళాక లేచి వెళ్ళి చూశాను. పలకల కాడలు, ముదురాకులు. ఇంత గుట్ట. కవలల కాన్పుకి కూడా అంత వేయరు.

నేను ఎవరికీ చెప్పలేదు. హుయ్ అవ్వకి తప్ప. అవ్వకి చెప్తే ఎవరికీ చెప్పక్కర్లేదు.

సాయంత్రానికి కథ తయారైంది. తామ్ కొక్-షింగ్ గదిలో ఒక ఆడమనిషి ఉంది. ప్రసవించింది. ఆ రెండో కుర్చీ ఆవిడదే. కాళ్ళవాపు అన్నది ఇంట్లో కూర్చోవడానికి వంక. కొందరైతే రాత్రి పసిబిడ్డ ఏడుపు విన్నామన్నారు, అది ఆయన పిల్లుల్లో ఒకటి అయ్యుంటుందని నేను అనుకున్నాను గాని అందం పాడవుతుందని అనలేదు. అరవైకి దగ్గర పడ్డ మౌనముని ఇంత పని చేశాడని మగవాళ్ళంతా ఆయన గురించి గౌరవంగా మాట్లాడటం మొదలుపెట్టారు.

హుయ్ అవ్వ మాత్రం మాటలతో సరిపెట్టే మనిషి కాదు. పంది కాళ్ళు, పాత అల్లం, తియ్యటి నల్ల వెనిగరు, గుడ్లు వేసి బాలింత కూర కుండ నిండా వండింది. అది ఉడికితే వీధి వీధంతా ముక్కులు ఎగరేస్తుంది. ఆ కుండ నా చేత మోయించుకుని, వెనక పదిమంది ఆడవాళ్ళతో బాబాయ్ గది ముందు దిగింది.

"ఏరా కొక్-షింగ్, పిల్లాడా పిల్లా?" అంది.

బాబాయ్ బకెట్టులో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. అవ్వ వంక చూశాడు, కుండ వంక చూశాడు.

"ఎవరు?" అన్నాడు.

"సిగ్గుపడకు. అమ్మాయిని లోపల దాచి ఉంచితే చల్లగాలి తగలదు, అంతవరకూ మంచి పనే చేశావు. పక్కకి తప్పుకో, నేను చూసి వస్తా."

అవ్వ మంచం కిందా, తలుపు వెనకా, బియ్యం డబ్బా మూత తీసి అందులో కూడా చూసింది. బిడ్డ అంత చిన్నదై ఉండొచ్చని. ఇంతలో గోల విని ముందు కొట్టులోంచి సేతో వచ్చాడు. సంగతి విని మూడుకాళ్ళ పీటమీద కూర్చుని, కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు. తర్వాత నెత్తురు ఆగితే నీరవుతుందని, తల్లాకుకి ఆడా మగా తేడా తెలియదని, పేరు పెట్టినవాడు ఆడవాళ్ళకే వాడాడు గాని ఆకు ఒప్పందం రాసుకోలేదని ఓపిగ్గా చెప్పాడు.

వచ్చినవాళ్ళ మొహాలు పడిపోయాయి. బిడ్డ లేనందుకు కొంత, గుడ్లు తెచ్చినందుకు కొంత. హుయ్ అవ్వ మాత్రం బకెట్టులో ఉన్న ఆ కాళ్ళ వంకే చూస్తూ నిలబడింది. దగ్గొచ్చింది, ఆపుకుంది.

"సేతో, ఆగిన నెత్తురు సరే. ఎవరి నెత్తురు?" అంది.

"అంటే?"

"ముప్ఫై ఏళ్ళుగా నా కఫం అంతా ఆ కూడలిలోనే పోశాను. నా కోడలి నీరసం పోశాను. ఆ నూడుల్స్ వాడు ముక్కునెత్తురు పోశాడు. మనమంతా గోడవార నడిచాం. తొక్కిందెవరు? వీడొక్కడే. అన్నీ ఎక్కడికి పోతాయి? కాళ్ళలోకే కదా."

సేతో కూడా వెంటనే కాదనలేదు. ఆయన ఇంటి పిప్పి కూడా అక్కడే పడేది. తామ్ బాబాయ్ ఆ పదిమంది మొహాలూ చూసి, ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు.

సేతోకి అలవాటు. "ఆ, పైకి మడువు, నరాలు ఎలా ఉన్నాయో చూస్తాను," అంటూ వంగాడు.

నరాలు చూడటం అయ్యేసరికి ఆడవాళ్ళు లేరు. అంతా క్వాన్ అమ్మగారి కొట్టు ముందుకి చేరారు. అక్కడ జరిగింది నేను ఇంకా పెద్దది చేసి చెప్పగలను గాని అవసరం లేదు, జరిగిందే చాలా పెద్దది. మా రోగాలు మోసిన కాళ్ళు బాగుపడేదాకా దారి ఎవరికీ ఇవ్వడానికి వీల్లేదన్నారు. మందు గోరువెచ్చగా వచ్చినా సరేనన్నారు. క్వాన్ అమ్మగారు పండగదాకా గడువు ఉందంది. గడువేమిటి, మనిషికి మనం పడ్డ రుణానికి గడువు పెడతావా అని హుయ్ అవ్వ అడిగింది. ఆ-లిక్ స్కూటరు పక్కన నిలబడి హారను మీద చెయ్యి వేశాడు. అవ్వ వాడి చేతి వంక చూసింది. వాడు చెయ్యి తీసేసి, హెల్మెట్టు తుడవడం మొదలుపెట్టాడు.

ఆ రోజునుంచి స్కూటరు ఆగింది. కొట్టు దగ్గరింటివాళ్ళు తమ ఫ్లాస్కుతో పాటు తర్వాతి ఇళ్ళ ఫ్లాస్కులన్నీ అందుకుని పక్కింటికి ఇస్తే, వాళ్ళు ఆ తర్వాతి ఇంటికి, అలా చేతులు మారుతూ బజారు చివరిదాకా పోయేవి. ఊరికే ఇచ్చి పోరు. ఎదురుగా నిలబడి "తాగు" అనేవాళ్ళు. నూడుల్స్ కొట్టాయనకి హుయ్ అవ్వ కాపలా, హుయ్ అవ్వకి నేను కాపలా. ఆవిడ గిన్నె పట్టుకుని బంతిమొక్క వంక ఆశగా చూసేది. నేను నిలబడే ఉండేవాణ్ణి. చేతులు జేబులో పెట్టుకుని ఏమీ మాట్లాడకుండా నిలబడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. బంతిమొక్క వారంలో వడిలిపోయింది.

ఇంకొక మంచి పని కూడా చేశాం. పెద్దవాళ్ళంతా కూర్చుని పిప్పి ఇక కూడలిలో పోయకూడదని నిర్ణయించారు. మరి ఎక్కడ పోయాలి? నలుగురూ తొక్కాలి, కాని తామ్ తొక్కకూడదు. ఆయన ఎప్పుడూ వెళ్ళని చోటు వెతికారు. కూడలికి అవతలగా చేపల సందు ఉంది. తొట్లు కడిగిన నీళ్ళతో, పొలుసులతో ఎప్పుడూ జారుడుగా ఉండి కొట్టునుంచి ఇళ్ళకి పోవాలంటే చుట్టూ తిరిగొచ్చే దారి. బుద్ధి ఉన్నవాడు కావడి ఎత్తుకుని అటు పోడు. అక్కడైతే క్షేమమని తీర్మానించారు. ఆ మాట మొదట అన్నది నేనే.

తల్లాకు పని చేసింది. వాపు మెల్లగా దిగింది, ఈసారి దిగి అక్కడే ఉంది. పిక్క మీద వంకాయ రంగు ముందు ఆకుపచ్చగా, తర్వాత పసుపుగా మారి చర్మంలో కలిసిపోయింది. పండగ ముందురోజు బూట్లు పట్టాయి.

పడవల పండగ పొద్దున నది ఒడ్డున డప్పులు మోగుతుంటే, ఆకుల్లో కట్టిన అన్నం ముద్దలు చేత్తో పట్టుకుని ఊరంతా నదికి వెళ్ళాలి. ఆ ఏడు సగం ఊరు క్వాన్ కొట్టు ముందే ఉంది. తామ్ బాబాయ్ వచ్చాడు. ఎవరి వంకా చూడలేదు. ఫ్లాస్కులు కట్టుకున్నాడు, పొట్లాలు కట్టుకున్నాడు. భుజం కిందికి వంచి కావడి ఎత్తాడు. మోకాలు ఒక్కసారి వణికింది. హుయ్ అవ్వ నా చెయ్యి గోళ్ళతో నొక్కేసింది, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, కావాలంటే చూపిస్తాను. తర్వాత మోకాలు నిలబడింది. ఫ్లాస్కులు ఒకదానికొకటి తగిలి మోగాయి. ఆయన నడిచాడు.

క్వాన్ అమ్మగారు లోపలికి వెళ్ళి ఆ-లిక్‌ని దారి నీది కాదని చెప్పి పక్క టౌనునుంచి మూలికలు తెచ్చే పనికి పెట్టింది. వాడికీ అదే నచ్చింది, అక్కడైతే హారను కొట్టుకోవచ్చు.

ఆ రోజునుంచి ఈ రోజుదాకా మా ఊళ్ళో మందు వేడిగా వస్తోంది. మూత తీస్తే ఆవిరి వచ్చేంత వేడిగా. కొత్తగా నెత్తురు నడిచిన కాళ్ళు కాబట్టి కుర్రాడిలా నడుస్తున్నాడని సేతో అన్నాడు. పిల్లులు కూడా ఆయన వెంట రావడం మానేశాయి. రోగాల వాసన పోయింది కాబట్టే అవి మానేశాయని నేను అందరికీ వివరించాను. ఇప్పుడు రోజూ నా దుకాణం ముందునుంచే వెళ్తాడు, సైకిలు కిందనుంచి తల బయటపెట్టి మరీ చూస్తున్నాను.

ఇదంతా రాసి ఆయనకి చదివి వినిపించాను. ఆ రెండో కుర్చీలో నేనే కూర్చున్నాను. ఉప్పులేని వేరుశనగకాయలు వొలుచుకుంటూ చివరిదాకా విన్నాడు. పక్కన సేతో లేడు కాబట్టి నోరు తెరిచాక మాట కూడా వచ్చింది.

"తొక్కలేదు. ఒక్కసారి కూడా. చేపల సందులోంచి చుట్టూ తిరిగి పోయేవాణ్ణి, కాలు జారింది అక్కడే. మీరు పిప్పి అక్కడికి మార్చారు, అందుకని కూడలిలోంచి వస్తున్నాను."